ఎలుకకు పెట్టిన ఈస్ట్ తల్లికి మందైంది

స్కూల్లో ఉన్నప్పుడు వారానికోసారి టీచర్ అందరినీ లైన్లో నిలబెట్టి మింగించిన నీలం రంగు మాత్ర గుర్తుందా? నోట్లో వేసుకున్నట్టే వేసుకుని బయటికి వెళ్లి ఊసేసినవాళ్లూ ఉంటారు. అందులో ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఇంట్లో అక్కకో వదినకో నెల తప్పిందంటే పీహెచ్‌సీ నుంచి తెచ్చే ఎర్ర మాత్రలోనూ అదే. ఈ ఫోలిక్ యాసిడ్ అనేదొకటి ఉందని లోకానికి పేరు కూడా తెలియని రోజుల్లో, దాని జాడ పట్టుకున్న మనిషి ఒక ఇంగ్లిష్ డాక్టరమ్మ. పట్టుకున్నది కూడా మన దేశంలోనే: ముంబయిలో, కూనూరులో, చెన్నైలో. పేరు లూసీ విల్స్.

2019 మే 10న ఆమె 131వ పుట్టినరోజుకు గూగుల్ తన హోమ్ పేజీ మీద ఆమె బొమ్మ వేసింది. అంతకుముందు ఆ పేరు వైద్య విద్యార్థుల్లో కూడా చాలామందికి తెలియదు. పోటీ పరీక్షల గైడ్లలో విటమిన్ల పట్టిక ఉంటుంది కదా, ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు అని. అందులో బీ9 పక్కన రక్తహీనత అని ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక ఎలుకలు, కోతులు, బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్లు, ఒక సీసాడు ఈస్ట్ ముద్ద ఉన్నాయి.

చదువుంది, పట్టా లేదు

లూసీ 1888 మే 10న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గరున్న సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. కలిగిన కుటుంబమే. తండ్రి సైన్స్ చదువుకున్నాయన, వాళ్ల వ్యాపారం కొడవళ్లలాంటి పదును పనిముట్లు తయారు చేయడం. తల్లి ఒక పేరున్న డాక్టర్ కూతురు. ఆడపిల్లలకు సైన్స్, లెక్కలు గట్టిగా చెప్పే బడులు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. వాటిలో ఒకటైన చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో ఆమెను చేర్చారు. అక్కడి నుంచి 1907లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీకి. సబ్జెక్టులు బోటనీ, జియాలజీ. 1911కల్లా పరీక్షలన్నీ రాసి సెకండ్ క్లాస్‌లో పాసయ్యారు.

పాసయ్యారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. ఆడవాళ్లు క్లాసులో కూర్చోవచ్చు, పరీక్ష రాయొచ్చు, మార్కులు కూడా వేస్తారు, పట్టా మాత్రం ఇవ్వరు. అదీ అప్పటి కేంబ్రిడ్జ్ పద్ధతి. 1948 దాకా అలాగే నడిచింది. సర్టిఫికెట్ కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగే మన స్టూడెంట్లకు ఆ బాధ ఎంతో కొంత తెలుసు. మనకు కనీసం ఏదో ఒక రోజు వస్తుందన్న ఆశైనా ఉంటుంది.

అదే ఏడాది తండ్రి పోయారు. 1913లో అక్క ఈడిత్ పోయారు, 26 ఏళ్లకే. ఆ తర్వాత లూసీ జీవితంలో కొంత కాలం, ఇప్పటి రెజ్యూమే భాషలో చెప్పాలంటే, గ్యాప్. తల్లితో కలిసి సిలోన్ వెళ్లొచ్చారు. 1914లో తమ్ముడితో దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడుండగానే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. కేప్‌టౌన్‌లో ఒక ఆసుపత్రిలో కొన్ని వారాలు వాలంటీర్ నర్సుగా పనిచేశారు. ఆ ఏడాది డిసెంబరులో ఇంగ్లండ్ తిరిగొచ్చారు. 1915 జనవరిలో, 26 ఏళ్ల వయసులో, లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్‌లో చేరి మళ్లీ మొదటి నుంచి చదువు మొదలుపెట్టారు. చుట్టూ తనకంటే చిన్నపిల్లలు. బోటనీ చదివి మెడిసిన్ ఏమిటన్న ప్రశ్న ఆమెకూ ఎదురై ఉంటుంది.

1920 చివర్లో లండన్ యూనివర్సిటీ పట్టా వచ్చింది. అప్పటికి 32 ఏళ్లు. మంచి బోర్డు పెట్టుకుని ప్రాక్టీసు చేసుకోవచ్చు. ఆమె ఆ దారి పట్టలేదు. రాయల్ ఫ్రీ ఆసుపత్రి ల్యాబులో, గర్భిణుల శరీరంలో వచ్చే మార్పుల మీద పరిశోధన, విద్యార్థులకు పాఠాలు. ఎనిమిదేళ్లు అలా గడిచాయి. ఆమె పేరు చెప్పుకునే పని ఒక్కటీ ఇంకా జరగలేదు.

బొంబాయి పిలుపు

1928లో ఆ పిలుపు వచ్చింది. భారత్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్ ఇక్కడ బాలింత మరణాల మీద ఒక విచారణలో ఉన్నారు. కాన్పుకు ముందే, లేదా కాన్పు కాగానే, రక్తం లేక పాలిపోయి చనిపోతున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నారు. దాని సంగతి తేల్చడానికి లూసీని రమ్మన్నారు. డబ్బు ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌ది (ఇప్పటి ఐసీఎంఆర్‌కు అది పాత పేరు). చోటు పరేల్‌లోని హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్. అప్పటికి లూసీకి 40 ఏళ్లు.

ఆ జబ్బుకు అప్పట్లో పెర్నీషియస్ అనీమియా ఆఫ్ ప్రెగ్నెన్సీ అని పేరు. మామూలు రక్తహీనతలో, అంటే ఐరన్ చాలనప్పుడు, ఎర్ర రక్తకణాలు చిన్నగా, వెలిసిపోయినట్టు ఉంటాయి. ఇక్కడ అలా కాదు. కణాలు తక్కువ, కానీ ఉన్నవి మామూలు కంటే పెద్దవి. ఎందుకలా అనేది ఇప్పుడు మనకు తెలుసు. కణం పెరుగుతుంది, రెండుగా విడిపోవడానికి కావలసిన డీఎన్ఏ మాత్రం తయారు కాదు. విడిపోలేక ఉబ్బి కూర్చుంటుంది. 1928లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అప్పటికి రెండేళ్ల ముందే అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు అసలు పెర్నీషియస్ అనీమియాకు లివర్ తినిపిస్తే నయమవుతుందని చూపించారు. దానికే 1934లో విపుల్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. కాబట్టి అందరూ బొంబాయి ఆడవాళ్లది కూడా అదే జబ్బు, కాకపోతే గర్భంలో వచ్చింది అనుకున్నారు. లూసీకి లెక్క సరిపోలేదు. అసలు జబ్బులో పొట్టలో యాసిడ్ ఊరదు. ఈ ఆడవాళ్లకు ఊరుతోంది. అంటే కణాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా, జబ్బు వేరు.

అప్పుడు ఆమె చేసిన పని ల్యాబు బయటిది. తల్పాడే అనే సహ పరిశోధకురాలితో కలిసి బొంబాయి ఆడవాళ్లు ఏం తింటున్నారు, ఎలాంటి ఇళ్లలో ఉంటున్నారు అని సర్వే చేశారు. తిండికీ జబ్బుకూ లంకె స్పష్టంగా కనపడింది. నగరంలో అందరికంటే నాసి తిండి పేద ముస్లిం కుటుంబాల ఆడవాళ్లది. జబ్బు కూడా వాళ్లలోనే ఎక్కువ. వేరే చోట్ల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లలోనూ అంతే. పప్పు పలచన, ఆకుకూర అరుదు, మాంసం ఇంకా అరుదు. కలిగినింటి ఆడవాళ్లలో ఈ జబ్బు అంతగా లేదు. ఇక సూక్ష్మజీవి కోసం వెతకడం కంటే పళ్లెం వైపు చూడటం మేలని ఆమెకు అనిపించింది.

కూనూరు ఎలుకలు

పళ్లెంలో ఏం తక్కువైందో మనుషుల మీద తేల్చడం కష్టం. ఒక్కో పదార్థం తీసేసి గర్భిణికి ఏమవుతుందో చూస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు, ఒప్పుకోకూడదు కూడా. 1929 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా లూసీ నీలగిరి కొండల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపే పోషకాహార పరిశోధనశాల ఉంది. భారతీయుల రకరకాల భోజనాలను ఎలుకలకు పెట్టి తేడాలు చూడటంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

లూసీ తెల్ల ఎలుకలకు బొంబాయి పేద ఆడవాళ్ల భోజనమే పెట్టారు. కడుపుతో ఉన్న ఎలుకలకు రక్తం పడిపోయింది. ఈనకముందే చచ్చిపోయాయి. తర్వాత విటమిన్ బీ లేకుండా కృత్రిమంగా కలిపిన తిండికి ఈస్ట్ చేర్చి పెట్టారు. వాటికి రక్తహీనత రాలేదు.

ఈస్ట్ అంటే తాటికల్లును పొంగించే, బేకరీలో పిండిని ఉబ్బించే ఆ కంటికి కనపడని జీవే. బీ గ్రూపు విటమిన్లకు అది గని. ఆ రోజుల్లో బీ విటమిన్లను చాలావరకు ఇంకా విడదీయలేదు. అందుకే ఈస్ట్ పెట్టి చూడటం అంటే బీ విటమిన్లన్నీ గుంపుగా పెట్టి చూడటం అన్నమాట. ఈస్ట్‌ను నోటి ద్వారా ఇచ్చి ఎలుకల్లో ఫలితం చూసే పద్ధతి ఇప్పటికీ పోలేదు. వైరస్ సోకిన ఎలుకలకు ఈస్ట్, ఈస్ట్ పైపొరలోని పదార్థాలు తినిపించి రక్షణ పెరుగుతుందేమో చూసే ప్రయోగాలు జరుగుతూనే ఉన్నాయి. అలాంటి పేపర్ చదివినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న లూసీకి ఎదురైనదే: ఎలుకకు వచ్చిన జబ్బు, మనిషికి వచ్చిన జబ్బు ఒకటేనా?

కాదు. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఆ ఎలుకల రక్తంలో బార్టొనెల్లా అనే క్రిమి ఉన్నట్టు తేలింది. ఎలుకల ఒంటి మీది పేల వల్ల ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. ఒంట్లో దాక్కుని ఊరికే పడి ఉంటుంది. ఎలుక ప్లీహం తీసేస్తే విజృంభించి రక్తకణాలను నాశనం చేస్తుందని అప్పటికి తెలుసు. ప్లీహం తీయకుండానే, నాసి తిండి పెట్టినా అది లేస్తుందని లూసీ ప్రయోగంలో బయటపడింది. అంటే ఎలుకల రక్తహీనతలో సగం పాపం క్రిమిది. బొంబాయి ఆడవాళ్ల జబ్బుకు ఈ ఎలుకలు సరైన నమూనా కాదు.

నెలల తరబడి చేసిన పనిలో ఇలాంటిది బయటపడితే ఎలా ఉంటుందో ప్రాజెక్టు వర్క్ చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మెహతా అనే సహచరురాలితో కలిసి లూసీ 1930లో ఆ ప్రయోగాన్ని ప్రచురించారు. ఎక్కడో చివర్లో చిన్న అక్షరాల్లో కాదు, పేపర్ శీర్షికలోనే బార్టొనెల్లా పేరు పెట్టి మరీ. నా మటుకు నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే నచ్చే విషయం ఇదే, మార్మైట్ కంటే కూడా.

రెండేళ్ల తర్వాత, 1932లో, బిలిమోరియాతో కలిసి కోతుల మీద మళ్లీ మొదలుపెట్టారు. నాసి తిండి పెట్టిన కోతుల్లో, మనుషుల్లో వచ్చినట్టే, పెద్ద కణాల రక్తహీనత వచ్చింది. ఈసారి నమూనా నిలబడింది.

సీసాలో నల్ల ముద్ద

ఈలోగా వార్డులో ఆడవాళ్లు చనిపోతూనే ఉన్నారు. ఎలుకల లెక్క పూర్తిగా తేలేదాకా ఆగే పరిస్థితి లేదు. ఈస్ట్ ఎటూ తినే వస్తువే, హాని లేదు. లూసీ దాన్ని రోగులకు ఇచ్చి చూశారు.

ఇచ్చింది మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్‌ను ఉప్పుతో కరిగించి, చిక్కబరిచి తీసే ముద్ద అది. ఇంగ్లండ్‌లోని బర్టన్ అనే బీరు ఊళ్లో 1902లో ఆ కంపెనీ పెట్టారు. చూడ్డానికి ముదురు బెల్లం పాకంలా ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. ఇంగ్లిష్‌వాళ్లు బ్రెడ్డు మీద రాసుకుని తింటారు, వాళ్లలోనూ సగం మందికి అది పడదు. కానీ ఈస్ట్ సారానికి అంతకంటే చవకైన దారి లేదు. లివర్ ఖరీదు. పైగా కొన్ని కుటుంబాల్లో తినరు. పేదల వార్డులో ఇది పెద్ద విషయం.

ఫలితం ఎలా కొలుస్తారు? రోగి మొహం కళకళలాడుతోంది అంటే చాలదు కదా. ఎముక మూలుగలోంచి కొత్తగా బయటికొచ్చే పసి ఎర్రకణాలుంటాయి, రెటిక్యులోసైట్లు అంటారు. మందు పనిచేస్తే కొద్ది రోజుల్లోనే రక్తంలో వాటి సంఖ్య ఒక్కసారిగా లేస్తుంది. తర్వాత మెల్లగా మొత్తం కణాల లెక్క పెరుగుతుంది. వేలి నుంచి చుక్క రక్తం, గాజు పలక మీద పూత, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే లెక్క. మార్మైట్ తిన్నవాళ్లలో ఆ లెక్క లేచింది. పాలిపోయిన ఆడవాళ్లు కోలుకున్నారు.

1931 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ పేపర్ వచ్చింది. ఆ ఏడాది మొదట్లో ఆమె మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో పనిచేశారు. అదే ఇప్పటి చెన్నై కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. 1933లో పూర్తిగా లండన్ వెళ్లిపోయారు. కానీ ఒక ముడి మిగిలింది, దానికోసం 1937 నవంబరులో మళ్లీ వచ్చారు, పది వారాలకు. ఈసారి కరాచీ దాకా విమానంలో.

ముడి ఏమిటంటే లివర్. ఆమె రోగులకు ముతక లివర్ సారం కూడా పనిచేసేది. మరి ఇది అసలు పెర్నీషియస్ అనీమియా కాదని ఎలా రుజువు చేయడం? అప్పటికి లివర్ సారాన్ని బాగా శుద్ధి చేసిన మందులు వచ్చాయి. అసలు జబ్బుకు అవి చక్కగా పనిచేస్తున్నాయి. లూసీ వాటిని బొంబాయి రోగులకు ఇచ్చారు. పనిచేయలేదు. మళ్లీ మార్మైట్ ఇస్తే పనిచేసింది. అంటే శుద్ధి చేసేటప్పుడు ముతక లివర్లోంచి ఏదో జారిపోతోంది. ఆ జారిపోయేదే ఈస్ట్‌లో ఉంది. శుద్ధి చేసిన మందులో మిగిలింది తర్వాత బీ12 అని తేలింది. జారిపోయినదానికి మాత్రం అప్పట్లో పేరు లేక విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

పేరు పెట్టడం వేరు, పట్టుకోవడం వేరు. లూసీ దాన్ని వేరు చేయలేకపోయారు. ఆమె కెమిస్టు కారు. మరోపక్క కోతులతో పనిచేసేవాళ్లు దాన్ని విటమిన్ ఎం అన్నారు, కోడిపిల్లలతో పనిచేసేవాళ్లు విటమిన్ బీసీ అన్నారు, బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్లు ఇంకేదో అన్నారు. అందరూ ఒకే ఏనుగును తడుముతున్నారు. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థం తీసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

భీమవరం నుంచి పెర్ల్ రివర్

ఇక దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేయగలిగితే తప్ప మందు కాదు. 1945లో ఆ పని చేసింది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ల్యాబొరేటరీస్. అక్కడ పరిశోధనకు అధిపతి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయనకు ఇది కేవలం ఉద్యోగం కాదు. సంగ్రహణి, అంటే పేగులు తిన్నది ఇముడ్చుకోలేని జబ్బు, ఆయన ఇంట్లోనే ప్రాణం తీసింది. తానూ దానితో తీసుకున్నారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనత కూడా ఈ పెద్ద కణాలదే. ఫోలిక్ యాసిడ్ చేతికొచ్చాక దాన్ని పోలిన, కానీ దాని పనిని అడ్డుకునే మందులు కూడా ఆ ల్యాబులోనే తయారయ్యాయి. కణం విడిపోకుండా ఆపితే క్యాన్సర్ ఆగుతుందన్న ఆలోచన. మెథోట్రెక్సేట్ అలా వచ్చిందే.

లూసీ విల్స్, సుబ్బారావు ఒకే తీగకు రెండు కొసలు. ఆమె మన దేశపు ఆడవాళ్ల జబ్బు కోసం ఇంగ్లండ్ నుంచి వచ్చారు, ఆయన మన ఊరి నుంచి అమెరికా వెళ్లారు.

యుద్ధకాలంలో లూసీ లండన్‌లోనే పాథాలజిస్టుగా ఉన్నారు. 1944 జులైలో వీ-1 బాంబు రాయల్ ఫ్రీ మీద పడింది. ఆసుపత్రిలో కొందరు చనిపోయారు. ఆ ఆసుపత్రిలో తొలి హెమటాలజీ విభాగం నెలకొల్పింది ఆమే. 1947లో రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రికి కారులో కాకుండా సైకిల్ మీద వెళ్లడం ఆమె అలవాటు. మంచు కొండల్లో స్కీయింగ్ సరదా. రిటైరయ్యాక జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా తిరిగి అక్కడి వాళ్ల తిండిని, రక్తాన్ని పరీక్షిస్తూనే ఉన్నారు. లండన్‌లో చెల్సీ కౌన్సిల్‌కు లేబర్ పార్టీ తరఫున పదేళ్లు సభ్యురాలు.

గర్భం దాల్చడానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు రావని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది. అప్పటికే అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే 72 శాతం రక్షణ కనపడింది. ఆ సంగతి చూడటానికి ఆమె లేరు. 1964 ఏప్రిల్ 16న, 75 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆమె ఎలుకలకు అన్నం పెట్టిన కూనూరు ల్యాబు 1958లోనే హైదరాబాద్‌కు మారింది. మెక్‌కారిసన్ మొదలుపెట్టిన ఆ సంస్థ పేరు 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీకి బస్సులో వెళ్లేవాళ్లు రోజూ దాని ముందు నుంచే వెళ్తారు. అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉండేది అక్కడే.